ఆ పదమూడు వేలు ఎవరివి?

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు ఊరి నుంచి ఒక సోదరి నోటుపుస్తకం కాగితాల నిండా రాసి పంపిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ముఖ్యమైన సంగతులు క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 34 ఏళ్లు, పదో తరగతి చదివారు. సొంత భూమి లేదు. భర్త రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు, పొలంలో పని లేనప్పుడు ఇద్దరూ కూలికి వెళ్తారు. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి, ఇద్దరూ జిల్లా పరిషత్ హైస్కూల్లోనే. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఆమెకు నెలకు 4,000 పింఛను వస్తుంది. నల్ల తామర పురుగు వచ్చి తోటలు పోయిన ఏడు మొదలైన అప్పు ఇంకా నడుస్తూనే ఉంది. పురుగుమందుల దుకాణంలో 1,10,000 బాకీ. ఇది కాక బయట నోటు రాసి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి 60,000. ఆ అరవై వేలకు నెల తప్పకుండా 1,800 వడ్డీ కూలి డబ్బుల్లోంచే కడుతున్నారు.

2025 జూన్‌లో, పిల్లల్ని చదివించే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద ఇద్దరు పిల్లలకూ కలిపి 26,000 ఆమె ఖాతాలో పడింది. భర్తకు మాత్రం ఒకరిదే పడిందని, రెండోది పెండింగ్‌లో ఉందని చెప్పారు. ఒక 13,000 తీసి ఆయనకిచ్చారు. అవి విత్తనాలకు, నారుకు పోయాయి. రెండో 13,000 ఖాతాలోనే ఉంచేశారు. అమ్మాయి ఇంటర్‌కు కొంత, మోటారు కుట్టుమిషనుకు కొంత అని ఆమె లెక్క. ఆగస్టులో సచివాలయంలో అంటించిన జాబితాలో ఇద్దరు పిల్లల పేర్లూ ఉన్నాయని ఎవరో భర్త చెవిన వేశారు. ఆయన కేకలేయలేదు, చెయ్యి చేసుకోలేదు. ఒక్క మాట అన్నారట: "మా అమ్మకు నెల జీతం, నీకు ఏడాది జీతం. ఈ ఇంట్లో ప్రభుత్వానికి కనపడనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు నీకూ కనపడకుండా పోయానన్నమాట." అప్పటి నుంచి మాటల్లేవు. కూలికి వెళ్లడం కూడా తగ్గించేశారు. ఆడపడుచు వచ్చి, "ఊరికే డబ్బులొచ్చి పడుతుంటే ఎవడు మాత్రం ఒళ్లొంచుతాడు" అని ఒక మాట విసిరి పోయింది.

ఇక ఆమె అడిగినవి. ఆ 13,000 ఇచ్చేయాలా? వచ్చే ఏటి నుంచి డబ్బు వేరే ఖాతాలో పడేలా మార్చుకోవాలా? అత్తగారి పింఛనులో సగం ఆడపడుచు ఇంటికి పోతోంది, అడగొచ్చా? చివర్లో ఇలా రాశారు: "ఈ డబ్బులు రాకముందు మా ఇంట్లో గొడవల్లేవండీ. రాకపోయినా బాగుండేదేమో అనిపిస్తోంది."

అమ్మా, మీ చివరి మాటతోనే మొదలుపెడతాను.

గొడవల్లేవన్నది నిజమే అయివుంటుంది. గొడవ పడటానికి అప్పుడు మీ చేతిలో ఏముంది గనక? మీ కూలి ఆ సాయంత్రానికే ఉప్పూ పప్పూ అయిపోయేది. మిర్చి డబ్బు యార్డు నుంచి నేరుగా బాకీలకు పోయేది. ఏ డబ్బు ఎటు పోవాలో మిమ్మల్ని అడిగే సందర్భమే ఆ ఇంట్లో రాలేదు. ఇప్పుడు మీ పేరు మీద, మీ ఆధార్ మీద, మీ ఖాతాలో ఏడాదికోసారి కాస్త పెద్ద మొత్తం పడుతోంది. పడగానే "దీన్ని ఏం చేద్దాం" అనే ప్రశ్న ఇంటి మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మీకూ అలవాటు లేదు, మిమ్మల్ని అడగడం ఆయనకూ అలవాటు లేదు. మీరు దాచారు, ఆయన అలిగారు. చేతికి డబ్బొచ్చిన మొదటి రోజుల్లో చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. డబ్బు రాకుండా పోతే ప్రశ్న పోతుంది, నిజమే. దాంతోపాటు మీ మాటా పోతుంది.

దాచిన విషయంలో మిమ్మల్ని వెనకేసుకురాను, బోనులోనూ నిలబెట్టను. మన అమ్మలందరూ పోపుల డబ్బాలో దాచినవాళ్లే. మగవాళ్లకు తెలిసేది, తెలియనట్టు ఊరుకునేవారు, అవసరానికి ఆ డబ్బే ఆదుకునేది. అయితే పోపుల డబ్బాకు జాబితా ఉండదు. ఇది సచివాలయం గోడకెక్కే డబ్బు, ఫోన్లో మెసేజీ వచ్చే డబ్బు. దీన్ని దాచడం కుదరదు. మీ ఆయనకు కోపం తెప్పించింది 13,000 కాదని నా ఉద్దేశం. ఊళ్లో నలుగురికీ తెలిసిన సంగతి తనకు తెలియకపోవడం ఆయన్ని కాల్చింది. టీ కొట్టు దగ్గర ఎవడో చెబితే తెలుసుకోవాల్సి రావడం ఏ మగాడికైనా తలకొట్టేసినట్టే ఉంటుంది.

ఆయన అన్న మాట మళ్లీ ఒకసారి చదవండి. అందులో దెప్పుడు కన్నా బాధే ఎక్కువ వినిపించింది నాకు. రెండెకరాల్లో నారు పోసి, మందు కొట్టి, కాయ కోయించి, యార్డులో రాత్రంతా బస్తాల మీద పడుకునేది ఆయన. కానీ పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే పోతుంది. కౌలు రైతుకు అందులో చోటు లేదు. 2025 ఆగస్టులో రాష్ట్రం రైతులకిచ్చే అన్నదాత సుఖీభవ తొలి విడతగా, కేంద్రం ఇచ్చే 2,000తో కలిపి, 7,000 పడ్డప్పుడు మీ పొలం యజమాని ఫోన్ మోగి ఉంటుంది, మీ ఆయనది మోగి ఉండదు. అదే నెలలో మీ 13,000 సంగతి బయటపడింది. పైగా అంతకుముందు పంట చూడండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. పంట పండినా చేతికి డబ్బు రాని మనిషి ఆయన. ఆ స్థితిలో ఇంట్లో ఆడవాళ్లిద్దరికీ చెప్పిన తేదీకి డబ్బు పడుతుంటే, పైకి నవ్వినా లోపల ఏదో గుచ్చుకుంటుంది.

మీ ఆడపడుచు మాటను మాత్రం పట్టించుకోకండి. ఆ మాట ఆమె సొంతం కూడా కాదు. విజయవాడలో ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ల నుంచి ఊళ్లో అరుగు దాకా అందరూ అరిగిపోయేలా అనేదే. ఊరికే డబ్బిస్తే జనం సోమరులవుతారా అని చాలా దేశాల్లో పనిగట్టుకుని చూశారు. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, మరికొందరు ఆర్థికవేత్తలు కలిసి మెక్సికో, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ లాంటి ఆరు దేశాల్లో జరిగిన ఏడు ప్రయోగాల లెక్కలు తిరగేస్తే, నగదు అందుకున్నవాళ్లు పని మానేశారనడానికి ఆధారం దొరకలేదు. మన దేశంలోనే మధ్యప్రదేశ్ ఇండోర్ జిల్లాలో 2011లో ‘సేవా’ (SEWA) అనే మహిళా సంఘం యూనిసెఫ్ సాయంతో కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి చూసింది. తర్వాత 300, 150 చేసింది. అక్కడ తాగుడు పెరగలేదు. కూలి కొంత తగ్గించుకున్నవాళ్లు సొంత పొలంలో ఎక్కువ పనిచేశారు, పశువులు కొనుక్కున్నారు. మీ ఆయన కూలి తగ్గించింది ఆగస్టు తర్వాత అని మీరే రాశారు. డబ్బు పడింది జూన్‌లో. ఆ రెండు నెలలూ పనికి వెళ్లారు కదా! పని మానడం అలక వల్ల వచ్చింది, పథకం వల్ల కాదు.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఉత్తరంలో అన్నీ చెప్పిన మీరు ఒక్క లెక్క మాత్రం వేసుకోలేదు.

అరవై వేల అప్పుకు నెలకు 1,800 కడుతున్నారు. ఏడాదికి 21,600. ఇద్దరు పిల్లల పేరున వచ్చిన 26,000లో ఈ ఒక్క నోటు వడ్డీ తీసేస్తే మిగిలేది 4,400. అంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. మీరిద్దరూ 13,000 దగ్గర మాటలు మానేసి కూర్చుంటే, అంతకన్నా ఎక్కువ మొత్తం ఏటా నిశ్శబ్దంగా వడ్డీ వ్యాపారి ఇంటికి నడిచి వెళ్తోంది. మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నానని రాశారు. సంఘం అప్పు రూపాయి వడ్డీకో అంతకు తక్కువకో వస్తుంది. అదే 60,000 రూపాయి వడ్డీకి మారితే నెలకు 600, ఏడాదికి 7,200. తేడా 14,400. అంటే, మీరు దాచిన దానికన్నా ఎక్కువే.

ఇంకొంచెం ముందుకెళ్దాం. ఆ 13,000 నోటు అసలులో కట్టేశారనుకోండి. మిగిలేది 47,000. దాన్ని సంఘం నుంచి తీసి నోటు పూర్తిగా తీర్చేసి, సంఘానికి 36 నెలల్లో కట్టేలా పెట్టుకుంటే, మొదటి నెల కిస్తీ అసలు 1,300 పైచిలుకు, వడ్డీ 470, కలిపి 1,800 లోపే. ఇప్పుడు వడ్డీకి కడుతున్నదీ అంతే! నెలనెలా కిస్తీ కాస్త తగ్గుతూ వచ్చి మూడేళ్లకు అప్పు తీరిపోతుంది. ఇప్పుడున్న పద్ధతిలో అయితే మూడేళ్లలో దాదాపు 65,000 కట్టి, చివరికి 60,000 బాకీతోనే ఉంటారు.

ఇది తెలిశాక మీ ముందు ఉన్న దారులు వేరేగా కనిపిస్తాయి.

13,000 తీసుకెళ్లి మౌనంగా ఆయన చేతిలో పెట్టొచ్చు. ఇంట్లో మాటలు మొదలవుతాయి, అది చిన్న విషయమేం కాదు. కానీ ఇది మందులు కొట్టే కాలం. ఆ డబ్బు మరుసటి రోజే దుకాణానికి పోతుంది. 1,10,000 బాకీలో అది సముద్రంలో కాకిరెట్ట. పైగా వచ్చే జూన్‌లో మొత్తం 26,000 తనకే వస్తుందని ఆయన అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ ఉండదు. ఆయన అలా అడగడం దురాశ అని నేననను. జూన్ అంటే విత్తనం కొనే కాలం, కౌలు ముందుగా కట్టే కాలం. పిల్లల డబ్బు సరిగ్గా అప్పుడే పడటంతో ఏ కౌలు రైతుకైనా చెయ్యి అటే పోతుంది.

రెండో దారి, ఇవ్వనని గట్టిగా నిలబడటం. ఖాతా మీది, డబ్బు తల్లి పేరున వచ్చింది, కాదనే హక్కు ఎవరికీ లేదు. అమ్మాయి చదువుకు కొంత భద్రత ఉంటుంది. అయితే ఆ పక్కనే నెలకు 1,800 వడ్డీ కారుతూ ఉంటుంది. బ్యాంకులో పొదుపు వడ్డీకి పెట్టి, బయట మూడు రూపాయల వడ్డీ కట్టడం మాత్రం ఏ లెక్కలోనూ నష్టమే. ఇంట్లో ఈ మౌనం ఎన్నాళ్లు సాగుతుందో మీకే బాగా తెలుసు.

మూడోది నేను పైన చెప్పిన లెక్క, డబ్బును ఆయనకో మీకో కాకుండా నోటు మీదికి మళ్లించడం. నా మొగ్గు ఇటే. కాకపోతే దీనికీ చిక్కులున్నాయి. సంఘం అప్పు మీ పేరున ఉంటుంది, కిస్తీ తప్పితే మీతోపాటు తోటి సభ్యులకూ ఇబ్బంది. తీసుకున్న 47,000 ఇంటికి వస్తే దారిలో మందుల దుకాణం ఎదురవుతుంది, ఆ ప్రమాదం పెద్దది. అందుకని డబ్బు తీసుకున్న రోజే ఇద్దరూ కలిసి అప్పు ఇచ్చినాయన దగ్గరికి వెళ్లండి. పూర్తిగా కట్టి, నోటు వెనక్కి తెచ్చుకోండి. ముందు 13,000 మాత్రమే కట్టే పనైతే నోటు వెనక జమ రాయించి సంతకం పెట్టించుకోకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. నోటి మాట మీద జమ కట్టి తర్వాత ఏడ్చినవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. సంఘంలో ఇప్పుడున్న అప్పు ఎంత, మీ వాటాకు ఎంత వస్తుంది అన్నది ముందే మీ లీడరునో బుక్‌కీపరునో అడిగి తెలుసుకోండి. అంత రాకపోతే సగమైనా మార్చుకోండి, సగానికీ ఇదే లెక్క.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. వచ్చే జూన్‌లో డబ్బు పడుతుంది కదా అని ఎక్కడా కొత్త అప్పు చేయొద్దు, ఎవరికీ మాటివ్వొద్దు. అమ్మఒడి పేరుతో ఈ డబ్బు 2020, 2021 జనవరిల్లో వచ్చింది. తర్వాత జూన్‌కు మారి 2022, 2023ల్లో వచ్చింది. 2024లో రాలేదు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, 2025లో ఇంటికి ఒక్కరికే అన్న నిబంధన పోయి ఎంతమంది పిల్లలుంటే అందరికీ ఇచ్చారు. మీకు ఇద్దరి డబ్బు రావడానికి కారణం అదే. మంచి జరిగింది. కానీ 2024 జూన్‌ను నమ్ముకుని చేబదుళ్లు తెచ్చినవాళ్ల పరిస్థితి ఏమై ఉంటుందో ఆలోచించండి. 15,000లో 2,000 బడి నిర్వహణకు పోతుంది, హాజరు 75 శాతం ఉండాలి, ఇంటర్ దాటాక ఆగిపోతుంది. వస్తే మంచిది, రాకపోయినా ఇల్లు నడవాలి. అలా అమర్చుకోండి.

పింఛను సంగతి వేరు. అది నెలనెలా ఒకటో తేదీకి ఇంటికే వచ్చే డబ్బు. కెన్యాలో పేద కుటుంబాలకు కొందరికి ఒకేసారి, కొందరికి నెలనెలా నగదు ఇచ్చి పోల్చి చూశారు. ఒకేసారి అందుకున్నవాళ్లు ఇంటికి రేకుల కప్పు లాంటి పెద్ద పనులు చేసుకున్నారు. నెలనెలా అందుకున్నవాళ్ల ఇళ్లలో తిండికి కటకట తగ్గింది. మనకు తెలియని సంగతేం కాదనుకోండి. జూన్ డబ్బు పెద్ద పనికి, ఒకటో తేదీ డబ్బు వంటింటికి. మీ అత్తగారు ఆ 4,000లో 2,000 ఇంటికిస్తున్నారని మీరే రాశారు. ఆ రెండు వేలు ఇంట్లో బియ్యం కందిపప్పులకు వెళ్తున్నాయి కాబట్టే మీ కూలిలోంచి కిస్తీ కట్టే వీలు చిక్కుతుంది.

మిగతా రెండు వేలు ఆమె కూతురికిస్తే మీకు కష్టంగా ఉంది. అర్థమైంది. కానీ అమ్మా, ఆ డబ్బు ఆమెది. మీ 13,000 మీవి అని మీరు ఏ నోటితో అంటున్నారో, ఆమె కూడా అదే నోటితో అనగలదు. 2014 దాకా ఈ పింఛను నెలకు 200 రూపాయలు. ఆ రోజుల్లో మాత్రలకు, తమలపాకులకు కొడుకు ముందు చెయ్యి చాపిన మనిషి ఈనాడు కూతురి ఇంటికి వెళ్తూ పిల్లల చేతిలో వంద పెట్టగలుగుతోంది. పెట్టించుకుని కూడా ఆ కూతురే మీ ఇంటికొచ్చి నోరు పారేసుకోవడం చిరాకే, కాదనను. ఆమెతో పేచీ పెట్టుకోకండి. అత్తగారిని అడగాలనుకుంటే ఒకటే అడగండి: నోటు తీరేదాకా ఇంటికిచ్చే 2,000 తగ్గించొద్దని. దానికి ఆమె ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. కొడుకు తల మీది అప్పు తీరుతుందంటే ఏ తల్లీ కాదనదు.

ఖాతా మార్చుకోవడం గురించి. ఆధార్ చివరిసారిగా ఏ ఖాతాకు జత అయితే ఈ డబ్బులు ఆ ఖాతాకే పోతాయి. కొత్త ఖాతా తెరిచి జత చేయిస్తే తల్లికి వందనం ఒక్కటే కాదు, మీ ఆధార్ మీద వచ్చే మిగతావీ అటే మళ్లుతాయి. అది గుర్తుంచుకోండి. బ్యాంకులో పాత లోను బకాయి ఉండి, పడ్డ డబ్బు దానికింద జమ చేసుకుంటారన్న భయం ఉంటే మార్చుకోవడంలో అర్థముంది. భర్తకు తెలియకూడదని మార్చడం మాత్రం దండగ. జాబితా మళ్లీ గోడకెక్కుతుంది. దానికన్నా, కాయ కోతలప్పుడు వేళ్లు అరిగిపోయి బ్యాంకు మిత్ర మిషనులో వేలిముద్ర పడక వెనక్కి వచ్చానని రాశారు చూడండి, దానికి పరిష్కారం చూసుకోండి. ఏటీఎం కార్డు అడిగి తీసుకోండి. పిన్ మీ దగ్గరే ఉంచుకోండి. కార్డు తీసుకుంటే ఆయన పిన్ అడుగుతారని కార్డే తీసుకోకుండా ఉన్నానన్నారు. అడిగితే, "డబ్బు కావాలంటే ఇద్దరం వెళ్లి తీద్దాం" అనండి. అది కాదనడం కష్టం.

ఆయనతో ఎలా మాట్లాడాలన్నది మీకే బాగా తెలుసు గానీ, ఒక సలహా. పాస్‌బుక్ ప్రింటు వేయించుకుని వెళ్లండి. రాత్రి అన్నాలయ్యాక పిల్లల ముందు వద్దు. పొలానికి ఇద్దరూ నడిచి వెళ్లే దారి మేలు. "తప్పయిపోయింది" అని మొదలుపెట్టి ఏడిస్తే సంగతి అక్కడే ఆగిపోతుంది, ఆయన ఓదారుస్తారు, లెక్క మళ్లీ పక్కకు పోతుంది. "పెండింగ్ అని చెప్పింది అబద్ధం. మందులకు పోతుందని భయపడ్డాను. పదమూడు వేలూ ఖాతాలోనే ఉన్నాయి, ఇదిగో" అనేస్తే చాలు. ఆ తర్వాత వడ్డీ లెక్క చెప్పండి. నెలకు 1,800 ఎటు పోతోందో ఆయనకు తెలియక కాదు, మూడేళ్లకు కలిపి చూసి ఉండరు. మాట ఎప్పుడైనా చెయ్యి దాకా వెళ్తే మాత్రం ఈ సలహాలన్నీ పక్కన పెట్టి మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి. ఇప్పటి దాకా అలాంటిది లేదన్నారు కాబట్టి అంతకు మించి రాయను.

ఆయనకోసం మీరు చేయగలిగింది ఒకటుంది. కౌలు కార్డు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు ఈ కార్డు ఇస్తారు. యజమాని సంతకం కావాలి, అక్కడే చాలామందికి ఆగిపోతుంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానుల భయం. నిజానికి ఈ కార్డు పంట మీదే హక్కు ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టమే చెబుతోంది. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని అడిగితే కొందరు యజమానులు దిగొస్తారు. దిగిరాకపోయినా ఈ-పంట నమోదులో సాగు చేసేది మీ ఆయనే అని ఆయన పేరు ఎక్కించడానికి ప్రయత్నించండి. కార్డు ఉంటే బ్యాంకులో పంట రుణం అడగొచ్చు, అన్నదాత సుఖీభవ లాంటి సాయానికీ దారి ఉంటుంది. దాంతో మందుల దుకాణం మీద ఆధారపడటం కొంతైనా తగ్గుతుంది. యజమాని కౌలే మాన్పిస్తాడన్న అనుమానం ఉంటే, అడగాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి. అది ఊళ్లో ఉన్నవాళ్లకే తెలిసే విషయం. ఆయన తరఫున మీరు సచివాలయం మెట్లెక్కడమే, కార్డు వచ్చినా రాకపోయినా, ఆయన అన్న ఆ మాటకు కొంత జవాబు.

కుట్టుమిషను గురించి నేనంత ఉత్సాహంగా లేను. మీ ఊళ్లో జాకెట్లు కుట్టేవాళ్లు ఇప్పటికే ఎందరు? పండగలప్పుడు, పెళ్లిళ్లప్పుడు కాకుండా మామూలు నెలల్లో వాళ్లకు పని ఉందా? ముందు వాళ్లను అడగండి. మీకు కుట్టడం వచ్చో రాదో ఉత్తరంలో రాయలేదు. రాకపోతే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో టైలరింగ్ ఉచితంగా నేర్పుతారు, మిర్చి పనులు తగ్గే వేసవిలో వెళ్లిరండి. నేర్చుకున్నాక కూడా కుట్టాలనే ఉంటే మిషను ఎక్కడికీ పోదు. నోటు తీరాక కొనండి.

ఇక అమ్మాయి చదువు. పదో తరగతి తర్వాత గుంటూరులో, విజయవాడలో పెద్ద పెద్ద బోర్డులున్న కాలేజీల వైపు చూడకండి. ఆ ఫీజుకు 13,000 ఏ మూలకూ చాలదు, మిగతాదానికి మళ్లీ మూడు రూపాయల వడ్డీయే. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చండి. 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు, విజయవాడ పాయకాపురంలోనే మొదలుపెట్టారు. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఛార్జీ లేదు కాబట్టి పొరుగూరి కాలేజీ అయినా ఫర్వాలేదు. వచ్చే జూన్‌లో డబ్బు పడితే అందులో అమ్మాయి వాటా ఆమె చదువుకే అన్నది ఇప్పుడే ఆయనతో ఖాయం చేసుకోండి. 13,000 నోటుకు పోవడానికి మీరు ఒప్పుకున్నారు కాబట్టి, ఇది అడగడానికి మీకు మంచి సమయం ఇదే.

సుకన్య సమృద్ధి కట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఆడపిల్లకు పదేళ్లు దాటితే ఆ ఖాతా తెరవరు. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ తెరవొచ్చు. నెలకు 100తో మొదలవుతుంది, అమ్మాయి తన పేరునే తెరుచుకోవచ్చు. ఐదేళ్ల ఖాతా అయినా, మూడేళ్లు దాటాక కావాలంటే మూసుకోవచ్చు. అప్పటికి ఆమె డిగ్రీలో ఉంటుంది. కాయ కోతల నెలల్లో ఎక్కువ వేసి మిగతా నెలల్లో తక్కువ వేద్దామంటే కుదరదు, ప్రతి నెలా ఒకే మొత్తం కట్టాలి. అందుకే ఎండాకాలంలో కూలి దొరకని నెలలో కూడా కట్టగలిగేంత చిన్న మొత్తమే రాయించండి.